ఎడిసన్ మహాశయుడు - నిద్ర

పరీక్షలు సమీపించే దినాలలో మా విద్యార్థుల సంభాషణలలో ఒక మహనీయుని పేరు తరచుగా వినవస్తూ ఉంటుంది. ఆయన థామస్ ఆల్వా ఎడిసన్. విద్యుద్దీపాన్ని ఇంటింటికీ చేర్చిన ఆ శాస్త్రజ్ఞుడు రాత్రి నిద్ర మానివేసి, పగలూ రాత్రీ మధ్యమధ్య పది పదిహేను నిమిషాలు కునుకు తీసి మరల పనికి ఉపక్రమించేవాడనీ, అందువల్లనే అన్ని ఆవిష్కరణలు చేయగలిగాడనీ వారి నమ్మకం. ఆ నమ్మకంతో కొందరు నిద్రను నాలుగైదు ముక్కలుగా విభజించి, మిగిలిన కాలమంతా చదువుకు కేటాయిస్తూ పట్టికలు కూడా వ్రాసుకొంటున్నారు.

వీరిని చూచి నవ్వుకొనుట తగదు. లాల్‌దర్వాజా, శాలిబండ, అలియాబాద్ వంటి పేటల నుండి కళాశాలకు వచ్చే యువకులలో సాయంకాలం దుకాణంలో కూర్చొనేవారు, జరీ పనిలో తండ్రికి తోడ్పడేవారు, తమ్ముళ్లకు చెల్లెళ్లకు పాఠాలు చెప్పి ఆ తరువాత తమ పుస్తకం తెరిచేవారు కలరు. రెండు గదుల ఇంటిలో ఎనిమిదిమంది నివసించే చోట అందరూ పడుకొన్న తరువాత గాని చదువుకు నిశ్శబ్దం దొరకదు. అట్టివారికి రాత్రి మిక్కిలి చిన్నది. దానిని పొడిగించే ఉపాయమొకటి ఉన్నదంటే ఆశపడుట సహజమే. కనుక ఆ ఉపాయానికి ఆదర్శంగా చెప్పబడుతున్న ఎడిసన్ జీవితాన్ని, విశేషించి ఆయన నిద్ర వృత్తాంతాన్ని, ఉన్నదున్నట్లుగా పాఠకుల ముందుంచ దలచాము.

ఎడిసన్ 1847వ సంవత్సరం ఫిబ్రవరి 11వ తేదీన అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో మిలాన్ అనే చిన్న పట్టణంలో జన్మించాడు. తల్లిదండ్రులకు ఆయన ఏడవ సంతానం. 1854లో ఆ కుటుంబం మిచిగన్ రాష్ట్రంలోని పోర్ట్ హ్యూరన్‌కు తరలిపోయింది. బాలుడు పాఠశాలలో గడిపిన కాలం కొద్ది నెలలు మాత్రమే. ఉపాధ్యాయుడు అతనిని మందమతిగా భావించగా, పూర్వం ఉపాధ్యాయినిగా పనిచేసిన తల్లి నాన్సీ కుమారుని బడి మాన్పించి తానే ఇంటివద్ద చదువు చెప్పింది. పుస్తకం చదివిన వెంటనే అందులోని ప్రయోగం చేసి చూచుట ఆ బాలునికి చిన్ననాటనే అలవడింది. వినికిడి కూడా చిన్నతనంలోనే తగ్గిపోసాగింది.

పన్నెండవ ఏట, 1859లో, ఎడిసన్ గ్రాండ్ ట్రంక్ రైలులో వార్తాపత్రికలు, మిఠాయిలు అమ్మే పనిలో చేరాడు. రైలు ఉదయం పోర్ట్ హ్యూరన్‌లో బయలుదేరి డెట్రాయిట్ చేరి, రాత్రికి గాని తిరిగి వచ్చేది కాదు. రైలు డెట్రాయిట్‌లో ఆగివున్న వేళలలో ఆయన అక్కడి గ్రంథాలయంలో చదువుకొనేవాడు. సామానుల పెట్టెలో ఒక మూల చిన్న రసాయన ప్రయోగశాలను కూడా ఏర్పరచుకొన్నాడు. తెల్లవారకముందే లేచి, రాత్రి ప్రొద్దుపోయిన తరువాత ఇల్లు చేరే ఈ బాలుని దినచర్య మన పాతబస్తీ విద్యార్థులలో పెక్కుమందికి పరిచితమైనదే. తక్కువ నిద్ర ఆయన ఎన్నుకొన్న సిద్ధాంతం కాదు. జీవనోపాధి నేర్పిన అలవాటు.

1862లో మౌంట్ క్లెమెన్స్ అనే స్టేషనులో పట్టాలపై ఆడుకొంటున్న స్టేషను అధికారి కుమారుని, దొర్లి వస్తున్న రైలుపెట్టె క్రింద పడకుండా ఎడిసన్ రక్షించాడు. కృతజ్ఞతగా ఆ అధికారి ఆయనకు టెలిగ్రాఫు విద్య నేర్పాడు. అది నేర్చిన యువకులకు ఆనాడు ఉద్యోగాలకు కొదవ లేదు. ఎడిసన్ రాత్రి ఉద్యోగాలనే కోరుకొనేవాడు. రాత్రి పని చేస్తే పగలంతా చదువుకు, ప్రయోగాలకు తనదవుతుందని ఆయన లెక్క. అయితే ఆ లెక్కలో ఒక అంకె వదలివేయబడింది. పగలంతా ప్రయోగాలు చేసి, రాత్రంతా ఉద్యోగం చేసేవాడు నిద్రించేదెప్పుడు?

ఈ ప్రశ్నకు ఆయన కనిపెట్టిన సమాధానం మిక్కిలి విచిత్రమైనది. పదునారేండ్ల వయస్సులో ఆయన కెనడాలోని స్ట్రాట్‌ఫర్డ్ జంక్షన్‌లో రాత్రి టెలిగ్రాఫు ఆపరేటరుగా ఉండేవాడు. రాత్రి ఆపరేటర్లు నిద్రపోకుండా మెలకువగా ఉన్నారని రుజువు పరచుకొనుటకు రైల్వేవారు ఒక నియమం పెట్టారు. రాత్రి తొమ్మిది దాటిన తరువాత గంటకొకసారి ప్రతి ఆపరేటరూ ఒక నిర్ణీత సంకేతాన్ని ప్రధాన కార్యాలయానికి పంపవలసి ఉండేది. ఎడిసన్ ఒక చక్రానికి గంట్లు పెట్టి, దానిని గడియారానికి జోడించి, టెలిగ్రాఫు తీగెతో కలిపాడు. వేళకు సరిగా ఆ చక్రం తిరిగి సంకేతాన్ని తనంతట తానే పంపేది. యంత్రం మేల్కొని ఉండగా ఆపరేటరు హాయిగా కునుకు తీసేవాడు. సంకేతం అందిన వెంటనే ప్రధాన కార్యాలయంవారు ఒకనాడు ఆయనను పిలువగా బదులు రాకపోవడంతో గుట్టు బయటపడి, మందలింపు లభించింది.

ఆ కొలువు ఎక్కువ కాలం నిలువలేదు. ఒక రాత్రి ఒక గూడ్సు రైలును ఆపివేయవలసినదిగా ఆజ్ఞ వచ్చింది. ఎడిసన్ సంకేతం చూపే మనిషి కోసం పరుగెత్తాడు. అతడు దొరికేలోగా రైలు దాటిపోయింది. అప్పటికే ఎదురు దిక్కు నుండి మరొక రైలును వదలివేశారు. అదృష్టవశాత్తు అక్కడ దారి తిన్నగా ఉండుటచేత ఇరువురు డ్రైవర్లూ ఒకరినొకరు దూరం నుండే చూచుకొని రైళ్లను ఆపగలిగారు. విచారణకై టొరంటోకు పిలిపించగా, జైలు తప్పదని భయపడిన ఎడిసన్ అధికారి మరొకరితో మాట్లాడుతున్న సమయంలో జారుకొని, సరిహద్దు దాటి స్వగ్రామం చేరాడు.

ఆ రాత్రి ఆయన నిద్రిస్తూ ఉండుటవల్ల ప్రమాదం సంభవించబోయినదని చెప్పుట న్యాయం కాదు. కాని రాత్రి ఆపరేటరు మెలకువ కోసం రైల్వేవారు అంత పట్టుదల చూపుటకు కారణమేమో ఆ సంఘటన మనకు బోధిస్తుంది. మెలకువను నటించే యంత్రం సంకేతాన్ని పంపగలదు, రైలును ఆపలేదు. నిద్ర చాలని విద్యార్థి కళ్లు తెరచి పుస్తకం ముందు కూర్చొనుట కూడా ఇట్టిదే. పుటలు తిరుగుతూ ఉంటాయి, గంటలు లెక్కకు వస్తాయి, విషయం మాత్రం దాటిపోతుంది.

తరువాత ఎడిసన్ అనేక పట్టణాలలో టెలిగ్రాఫు పని చేశాడు. లూయీవిల్‌లో ఒక రాత్రి కార్యాలయంలోనే బ్యాటరీ ప్రయోగం చేస్తుండగా గంధకికామ్లం ఒలికి, నేల సందులలో నుండి క్రింది అంతస్తులోని అధికారి బల్లపై పడింది. మరునాడే ఉద్యోగం పోయింది. 1868లో బోస్టన్ చేరి, మరుసటి సంవత్సరం శాసనసభలలో ఓట్లను లెక్కించే యంత్రానికి తన మొదటి పేటెంటు పొందాడు. ఆ యంత్రాన్ని ఎవరూ కొనలేదు. పిదప న్యూయార్కు చేరి టెలిగ్రాఫు యంత్రాల మెరుగుదలతో ధనం, పేరు సంపాదించాడు. 1871వ సంవత్సరం డిసెంబరు 25వ తేదీన మేరీ స్టిల్‌వెల్ అనే యువతిని వివాహమాడాడు.

1876లో న్యూజెర్సీ రాష్ట్రంలోని మెన్లో పార్కు అనే పల్లెలో ఎడిసన్ నెలకొల్పిన ప్రయోగశాల ప్రపంచానికే ఒక నూతన సంస్థ. ఆవిష్కరణనే వృత్తిగా చేసుకొన్న మనుష్యులు ఒకే కప్పు క్రింద పనిచేయుట అంతకుముందు లోకం అంతగా ఎరుగదు. 1877లో అక్కడ ఫోనోగ్రాఫు జన్మించింది. 1879 అక్టోబరులో నల్లగా మాడ్చిన నూలుదారాన్ని గాజుబుడ్డిలో అమర్చి, గాలిని తీసివేసి, విద్యుత్తు ప్రవహింపజేయగా ఆ దీపం 13 గంటలకు పైగా వెలిగింది. విద్యుద్దీపం కోసం కృషి చేసినవారు ఇంగ్లండులోని స్వాన్ మొదలైన ఇతరులు కూడా కలరు. కాని దీపంతో పాటు డైనమో, తీగెలు, మీటరు అన్నింటినీ సమకూర్చి దానిని ఇంటికి చేర్చిన ఘనత ఎడిసన్‌ది.

మెన్లో పార్కులో పని ముఖ్యంగా రాత్రివేళలలో జరిగేది. అర్ధరాత్రి సమయంలో అందరికీ భోజనం వచ్చేది. భోజనానంతరం అక్కడనే ఉన్న ఆర్గన్ వాద్యం మీద ఎవరో ఒకరు పాట వాయించేవారు, తక్కినవారు చుట్టలు కాలుస్తూ కబుర్లాడేవారు, మరల పని మొదలయ్యేది. ఎడిసన్ అలసినప్పుడు ప్రయోగశాల బల్లమీదనే మేను వాల్చేవాడు. రసాయనశాస్త్ర నిఘంటువు సంపుటాలను తలక్రింద పెట్టుకొని నిద్రించుట చూచి, నిద్రలోనే ఆయన ఆ గ్రంథాన్ని జీర్ణించుకొంటున్నాడని సహచరులు హాస్యమాడేవారు. పనివేళలో గాఢనిద్రలో మునిగిన సహచరులను లేపుటకు చెవులు చిల్లులుపడే చప్పుడు చేసే పరికరమొకటి కూడా అక్కడ ఉండేది. యజమాని వలె కునుకుతో లేచి కూర్చొనుట అందరికీ చేతకాలేదనుటకు ఆ పరికరమే సాక్ష్యం.

ఎక్కడ పడుకొన్నా తక్షణమే నిద్ర పట్టుట, కొద్దిసేపటికే తేలికగా లేచుట ఎడిసన్‌కు ప్రకృతి ఇచ్చిన వరం. చెవుడు కూడా ఆయనకు ఇందులో తోడ్పడింది. చుట్టూ సుత్తులు మ్రోగుతున్నా ఆయనకు నిశ్శబ్దమే. న్యూయార్కు నగరంలో భూగర్భ తీగెలు వేయించే కాలంలో ఆయన నేలమాళిగలో ఇనుపగొట్టాల పైననే పడుకొనేవాడు. ఆ కృషి ఫలించి 1882వ సంవత్సరం సెప్టెంబరు 4వ తేదీన పెర్ల్ వీధి విద్యుత్ కేంద్రం నుండి సుమారు 400 దీపాలు వెలిగాయి. ఆనాటి నుండి మనుష్యుని రాత్రి మునుపటి రాత్రి కాలేదు.

అయితే ఈ ప్రయోగశాల రాత్రులకు మరొక పార్శ్వం కలదు. ప్రయోగశాలకు కూతవేటు దూరంలోనే ఆయన ఇల్లు. అందులో భార్య మేరీ, ముగ్గురు పిల్లలు. భర్త రాత్రిళ్లు ఇంటికి రాని రోజులు, వచ్చినా తెల్లవారుజామున వచ్చే రోజులు ఎన్నో. మేరీ 1884 ఆగస్టులో చిన్న వయస్సులోనే మరణించింది. ఆమె మరణానికి భర్త నిద్రాక్రమాన్ని కారణంగా చెప్పుటకు ఆధారం లేదు. మేము చెప్పడమూ లేదు. కాని మహాపురుషుల కష్టాన్ని గంటలలో లెక్కించేటప్పుడు, ఆ గంటలు ఎవరి భాగం నుండి తీయబడినవో కూడా లెక్కించుట ధర్మం.

1886లో ఎడిసన్ మీనా మిల్లర్‌ను వివాహమాడాడు. 1887లో వెస్ట్ ఆరెంజ్‌లో మునుపటికంటే ఎన్నో రెట్లు పెద్దదైన ప్రయోగశాలను నిర్మించాడు. 1888 జూన్‌లో ఫోనోగ్రాఫును మెరుగుపరచే సందర్భంలో మూడు దినాలు విడువకుండా శ్రమించాడని ప్రసిద్ధి. ఆ శ్రమ ముగిసిన ఉదయం యంత్రం ప్రక్కన తల చేతికి ఆనించి కూర్చొన్న ఆయన ఛాయాచిత్రం లోకమంతా వ్యాపించింది. ఆ చిత్రంలో కనిపించే ముఖం విజేతది కావచ్చును గాని, విశ్రాంతి పొందిన వానిది మాత్రం కాదు. వెస్ట్ ఆరెంజ్ ప్రయోగశాల నేడు మ్యూజియం. అక్కడి గ్రంథాలయంలో పుస్తకాల బీరువాల నడుమ ఒక చిన్న మంచం నేటికీ సందర్శకులకు కనిపిస్తుంది. నిద్ర వ్యర్థమని చెప్పిన మహాశయుని కార్యస్థానంలో నిద్రకే ఒక స్థానం ప్రత్యేకింపబడి ఉండుట గమనింపదగినది.

నిద్రను గురించి ఎడిసన్ అభిప్రాయాలు పత్రికలలో విస్తారంగా వెలువడ్డాయి. మనుష్యులు అవసరానికి మించి తింటారనీ, అవసరానికి మించి నిద్రిస్తారనీ, దానివల్ల చురుకుదనం నశిస్తుందనీ ఆయన భావించాడు. గుహలలో చీకటి పడగానే పడుకొన్న పూర్వుల అలవాటు నిద్ర అనీ, విద్యుద్దీపం వచ్చిన తరువాత అది క్రమంగా తగ్గిపోతుందనీ ఆయన ఊహ. 1912లో, 65 ఏండ్ల వయస్సులో, గ్రామఫోను పళ్లెం లోపాలు సవరించుటకు రేయింబవళ్లు తనతో శ్రమించే చిన్న బృందాన్ని ఏర్పరచగా, దానికి నిద్రలేమి దళమని పరిహాసపు పేరు వచ్చింది. కార్మికులవలె తానూ హాజరు గడియారంలో చీటీ గుద్దించుకొనేవాడు. వారానికి 90 గంటలు దాటిన చీటీలు ఉన్నాయి.

ఇక అసలు ప్రశ్న. ఎడిసన్ ఎంత నిద్రించేవాడు? రాత్రి నాలుగైదు గంటలు చాలునని ఆయనే చెప్పుకొన్నాడు. దానిపై పగటి కునుకులు కూడా ఉండేవి. ప్రయోగశాల బల్లపై, తోటలో, ప్రయాణంలో ఆయన నిద్రిస్తుండగా తీసిన ఛాయాచిత్రాలు పలు ఉన్నాయి. 1921లో మేరీలాండ్ రాష్ట్రంలోని ఒక విడిదిలో అమెరికా అధ్యక్షుడు హార్డింగ్, టైర్ల వ్యాపారి ఫైర్‌స్టన్ కూర్చొని ఉండగా, వారి చెంతనే గడ్డిపై ఎడిసన్ ఆదమరచి నిద్రిస్తున్న చిత్రం వానిలో ఒకటి. కాబట్టి ఆయన నిద్రను జయించినవాడు కాడు. రాత్రి కొంత, పగలు కొంతగా పంచుకొన్నవాడు. నాలుగైదు గంటల రాత్రి నిద్ర ఆయనకు సాధారణంగా ఉండేది. మా విద్యార్థులు వ్రాసుకొన్న పట్టికలలో మాయమైనది ఆ నాలుగైదు గంటలే.

ఎడిసన్ 1931వ సంవత్సరం అక్టోబరు 18వ తేదీన 84 ఏండ్ల పండు వయస్సులో కన్నుమూశాడు. అమెరికాలో ఆయన పేరిట 1,093 పేటెంట్లు నమోదై ఉన్నాయి. అంత్యక్రియలు జరిగిన 21వ తేదీ రాత్రి ఆయనకు నివాళిగా అమెరికా అంతటా ప్రజలు కొద్దిసేపు దీపాలు ఆర్పుకొన్నారు. విద్యుత్ సరఫరానే నిలిపివేద్దామన్న ఆలోచన కూడా వచ్చింది గాని, ఆసుపత్రులు, కర్మాగారాలు స్తంభించిపోతాయని మానుకొన్నారు. ఒక్క నిమిషం కూడా ఆపలేనంతగా లోకం ఆయన దీపంపై ఆధారపడిపోయింది.

ఆయన కునుకులో ఏదైనా మహిమ ఉన్నదా అని నేటి శాస్త్రజ్ఞులు పరిశోధించారు. ఎడిసన్ చేతిలో లోహపు గుండు పట్టుకొని కుర్చీలో కునికేవాడనీ, నిద్ర పట్టగానే గుండు జారి చప్పుడు కాగా లేచి అప్పుడు తోచిన ఆలోచనను వ్రాసుకొనేవాడనీ ఒక కథ కలదు. ఆ పద్ధతిని పారిస్ నగరంలో కొందరు పరిశోధకులు 103 మందిపై పరీక్షించి 2021లో ఫలితాలు ప్రకటించారు. ఒక లెక్కలో దాగివున్న సులభమార్గాన్ని, నిద్ర తొలిదశలో కనీసం 15 సెకండ్లు గడిపినవారిలో 83 శాతం మంది కనిపెట్టగా, మెలకువగానే ఉన్నవారిలో 30 శాతం మంది మాత్రమే కనిపెట్టగలిగారు. కునుకు మేలు చేస్తుందనుట నిజమే. 1994లో వెలువడిన నాసా నివేదిక ప్రకారం దూరప్రయాణపు విమాన చోదకులు సగటున 26 నిమిషాలు కునుకు తీసినందున వారి అప్రమత్తత పెరిగింది.

అయితే ఈ రెండు పరీక్షలూ రాత్రి నిద్రను మానివేయమని చెప్పలేదు. మనిషి నిద్ర సుమారు 90 నిమిషాల ఆవృత్తులుగా సాగుతుంది. రాత్రి తొలిభాగంలో గాఢనిద్ర అధికం; తెల్లవారే భాగంలో కలలనిద్ర అధికం. పగలు చదివిన విషయం జ్ఞాపకంలో స్థిరపడుటకు ఈ రెండూ కావాలి. ఇరవై నిమిషాల కునుకులో రెండవది ఉండదు, మొదటిది అరుదు. పైగా మేల్కొని ఉన్నంతసేపూ మెదడులో అడినోసిన్ అనే పదార్థం పేరుకొని నిద్రను కోరుతుంది. కునుకు ఆ ఋణంలో వడ్డీ చెల్లించగలదు గాని అసలు తీర్చలేదు. చీకటి పడినప్పుడు నిద్రకు, వెలుగు వచ్చినప్పుడు మెలకువకు దేహంలో ఒక గడియారం కలదు. మనం వ్రాసుకొన్న పట్టికను అది చదువదు.

గుమ్మటాకారపు భవనాలకు పేరుపొందిన బక్‌మిన్‌స్టర్ ఫుల్లర్ ఆరు గంటలకొక అరగంట చొప్పున దినానికి రెండే గంటలు రెండేండ్లపాటు నిద్రించినట్లు 1943లో టైమ్ పత్రిక వ్రాసింది. వ్యాపార సహచరులు ఆ పద్ధతితో సరిపడలేకపోవుటచేత ఆయన దానిని విడిచిపెట్టాడు. ఇట్టి ముక్కల నిద్రపై జరిగిన పరిశోధనలన్నింటినీ అమెరికా నేషనల్ స్లీప్ ఫౌండేషన్ నియమించిన నిపుణులు సమీక్షించి, దానివల్ల లాభముందనుటకు ఆధారం లేదనీ, ఆరోగ్యానికీ పనితీరుకూ హాని ఉన్నదనీ 2021లో తేల్చిచెప్పారు. 18 నుండి 25 ఏండ్లవారికి 7 మొదలు 9 గంటల నిద్ర అవసరమని ఆ సంస్థ సిఫారసు. హార్వర్డ్‌లో 61 మంది విద్యార్థుల నిద్రను 30 దినాలు పరిశీలించి 2017లో ప్రకటించిన అధ్యయనం మనకు మరింత సన్నిహితమైనది. అందులో నిద్రవేళలు క్రమం తప్పినవారికి, మొత్తం గంటలు ఇంచుమించు సమానంగానే ఉన్నప్పటికీ, మార్కులు తక్కువగా వచ్చాయి.

ఇందులో మనకు క్రొత్తదేమీ లేదు. పవిత్ర ఖురాను రాత్రివేళ, పగటివేళ మనుష్యులు పొందే నిద్రను దైవసూచనలలో ఒకటిగా పేర్కొన్నది. మధ్యాహ్నపు కునుకును మనం ఖైలూలా అంటాము. శుక్రవారం నాడు సహాబాలు జుమా నమాజు ముగించుకొన్న తరువాతనే భోజనమూ, ఖైలూలా చేసేవారని హదీసు గ్రంథాలు తెలుపుతున్నాయి. తహజ్జుద్ కొరకు రాత్రి కొంత భాగం లేచుట గొప్ప ఆరాధన. అయినను, ప్రతిరాత్రీ నిద్ర లేకుండా నమాజులో నిలిచిన అబ్దుల్లా ఇబ్నె అమ్ర్ అనే సహాబీని ప్రవక్త (స.అ.స.) వారించి, దేహానికి, కంటికి, భార్యకు కూడా అతనిపై హక్కులున్నవని బోధించారు. ఆరాధనకే ఈ హద్దు ఉన్నప్పుడు పరీక్షకు ఉండదా? మెన్లో పార్కు ఇంటిలో దీపం పెట్టుకొని ఎదురు చూచిన మేరీ కూడా ఇచట మనకు గుర్తుకు రాకమానదు.

మన పొరుగు సోదరుల ఆచారం కూడా ఇదే తెలుపుతున్నది. లాల్‌దర్వాజా సింహవాహిని మహంకాళి ఆలయ బోనాల సమయంలో ఆషాఢమాసపు రాత్రులు ఆ పేట అంతా మేల్కొని ఉంటుంది. శివరాత్రి జాగరణ ఏడాదికి ఒక్క రాత్రి. రంజాన్ మాసంలో మనం సహరీకి లేస్తాము; ఆ లోటును పగటి ఖైలూలాతో కొంత పూరించుకొంటాము. జాగరణకు ఒక రాత్రి, ఒక పండుగ, ఒక మాసం అని పెద్దలు హద్దు ఏర్పరచారు. దానిని సంవత్సరమంతా సాగించవలసినదిగా ఏ సంప్రదాయమూ చెప్పలేదు.

హుస్సేన్‌సాగర్ ఒడ్డున 1920లో థర్మల్ విద్యుత్ కేంద్రం వెలసిన తరువాత ఎడిసన్ దీపం హైదరాబాదు నగరంలో వ్యాపించింది. ఆ కేంద్రం నేడు లేదు గాని, దీపం ప్రతి గల్లీలోనూ అర్ధరాత్రి దాటినా వెలుగుతున్నది. ఇప్పుడు దానికి చేతిలోని సెల్‌ఫోను వెలుగు తోడైంది. ఆయన ఊహించినట్లు నిద్ర తగ్గింది. నిద్ర అవసరం మాత్రం తగ్గలేదు. దీపం పెట్టిన గంటలు మనవే, ఆర్పే గంట కూడా మనమే నిర్ణయించుకోవలసి ఉన్నది.

కనుక విద్యార్థులకు మేము మనవి చేసేది ఇంతే. ఎడిసన్ శ్రమను, పట్టుదలను, ఓటమికి లొంగని గుణాన్ని గ్రహించండి. కునుకును కూడా గ్రహించండి. మధ్యాహ్నం ఇరవై నిమిషాలు కన్ను మూయుట సోమరితనం కాదు. కాని దానిని రాత్రి నిద్రకు తోడుగా ఉంచుకొనండి, బదులుగా కాదు. పని ముగించుకొని ఆలస్యంగా ఇల్లు చేరేవారు ఆ రాత్రి మరి రెండు గంటలు పుస్తకంతో పెనుగులాడుటకంటే, వెంటనే పడుకొని ఫజరు వేళ లేచి చదువుట మేలు. పడుకొనే వేళ, లేచే వేళ దినదినమూ మారకుండా చూచుకొనుట అంతకన్నా మేలు. పరీక్ష ముందు రాత్రి మేల్కొనుట వల్ల చదివినది కూడా నిలువదు.

కళాశాల పాలకవర్గం పెద్దలకు కూడా ఒక విన్నపం. ఇంటిలో చదువుకొనుటకు చోటులేని పిల్లలకు సాయంకాలం ఇషా వేళ వరకు పఠనమందిరాన్ని తెరచి ఉంచితే వారి అర్ధరాత్రి చదువులో సగభాగం తప్పుతుంది. రంజాన్ మాసంలో జుహర్ నమాజు తరువాత అరగంట విరామం ఇచ్చి, ఆ మందిరంలోనే కొన్ని చాపలు పరిపిస్తే ఖైలూలాకు వీలు కలుగుతుంది. వీనికి అధిక వ్యయం అవసరం లేదు. తన ప్రయోగశాల గ్రంథాలయంలో, పుస్తకాల నడుమ, ఎడిసన్‌కు ఒక మంచం ఉన్నప్పుడు, మన పిల్లలకు కొన్ని చాపలు ఉండుట అనుచితం కాదని మా విశ్వాసం.